వెనక బండిలో మనిషి

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మావయ్యతో కలిసి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్తుంటే, మా బస్సు చాలాసేపు రెండు లారీల వెనక ఇరుక్కుపోయింది. ముందు లారీ వెనక లారీని లాగుతోంది. రెంటికీ మధ్య నా చెయ్యంత లావు మోకు, దానికి ఒక ఎర్రగుడ్డ పీలిక. మా డ్రైవరు సందు చూసి పక్కనించి దాటించేటప్పుడు కిటికీలోంచి చూశాను. ముందు లారీలో పదహారేళ్ళ కుర్రాడిలాంటివాడు దర్జాగా కూర్చుని నడుపుతున్నాడు. వెనక చెడిపోయిన లారీలో మాత్రం నెరిసిన గడ్డపాయన ఒకడు, స్టీరింగు మీదికి వంగి, కళ్ళార్పకుండా మోకునే చూస్తున్నాడు.

“అదేంటి మావయ్యా, ఇంజను లేని లారీకి అంత పెద్ద డ్రైవరెందుకూ?” అన్నాను.

మా మావయ్య కొన్నాళ్ళు లారీలు తోలినవాడు. “లాగడం ఎవడైనా లాగుతాడ్రా. అసలు డ్రైవరు కూర్చోవలసింది వెనక బండిలో. మోకు సడలకూడదు. ముందువాడు ఆపబోతున్నాడని కనిపెట్టి వీడు ముందే బ్రేకు తొక్కాలి. లేకపోతే వెళ్ళి వాడి వీపెక్కుతాడు,” అన్నాడు.

ఆ మాట నేను మర్చిపోయాను. యాభై ఏళ్ళ తరవాత, న్యూ మెక్సికో నుంచి కొలరాడోలోకి దిగే రాటన్ కనుమలో, బ్రేకులు కాలుతున్న వాసన ముక్కుకి తగిలినప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

ఇల్లు ముందు, కారు వెనక

రిటైరైన ఏడాది నేనూ మా ఆవిడా ఒక పాత మోటర్‌హోమ్ కొన్నాం. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉన్న బస్సు లాంటిది. పిల్లలు నవ్వారు. స్నేహితులు “ఇన్నాళ్ళూ కష్టపడి ఇల్లు కట్టుకుని, ఇప్పుడు చక్రాల మీదికెక్కుతారా?” అన్నారు. అమెరికాలో ఇది కొత్త సరదా ఏమీ కాదు. 1910లో న్యూయార్క్ మేడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో పియర్స్-యారో కంపెనీ టూరింగ్ లాండో అనే కారుని పెట్టింది. వెనక సీటు వాలిస్తే పరుపు. డ్రైవరు సీటు వీపు వెనక మడత పెట్టుకునే వాష్‌బేసిన్. దొరలు ఊరేగడానికి చేసిన బండి అది. సామాన్యులకి అందుబాటులోకి వచ్చినది వేరే పద్ధతి: ఉన్న కారు వెనకే చక్రాలున్న చిన్న ఇంటిని తగిలించుకుని పోవడం. 1930లలో ఎయిర్‌స్ట్రీమ్ లాంటి ట్రెయిలర్లు అలా వచ్చినవే. కారు ముందు, ఇల్లు వెనక. మజిలీ చేరగానే ఇంటిని విప్పి ఒకచోట నిలబెట్టి, కారులో ఊరు చూసి రావచ్చు.

1958లో మిషిగన్ రాష్ట్రంలోని బ్రౌన్ సిటీ అనే చిన్న ఊళ్ళో రే ఫ్రాంక్ అనే ఆయన తన కుటుంబం కోసం ఇంటినీ ఇంజనునీ ఒకే చట్రం మీద కట్టాడు. దాన్ని ‘మోటర్ హోమ్’ అన్నాడు. తరవాత ఆ కుటుంబం వాటిని డాడ్జ్ చట్రాల మీద అమ్మకానికి చెయ్యడం మొదలుపెట్టింది. 1966లో ఐయోవా రాష్ట్రం ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ వీటిని వరస పెట్టి తయారు చెయ్యసాగాక ధర దిగింది. 1967లో సీబీఎస్ విలేఖరి చార్ల్స్ కురాల్ట్ ఒక మోటర్‌హోమ్ వేసుకుని మారుమూల ఊళ్ళ కథలు చెప్పడానికి బయల్దేరాక, ఆ బండి టీవీ ఉన్న ప్రతి ఇంటికీ పరిచయమైపోయింది.

ఇల్లూ ఇంజనూ ఒకటైతే వచ్చే చిక్కు ఒకటుంది. పాల డబ్బా తెచ్చుకోవాలన్నా ఇల్లు కదలాలి. నీళ్ళ గొట్టం విప్పాలి, మురికినీళ్ళ గొట్టం విప్పాలి, కరెంటు తీగ చుట్టాలి, కప్పులూ సీసాలూ సర్దాలి. ముప్ఫై అడుగుల బండిని కిరాణా కొట్టు ముందు నిలపడానికి చోటు వెతుక్కోవాలి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక, గేలనుకి పది మైళ్ళు కూడా ఇవ్వని బండిని పాల కోసం తిప్పడం ఖరీదైన పని కూడా అయింది. అంచేత జనం వరస తిరగేశారు. ఇల్లు ముందు, కారు వెనక. ఫోక్స్‌వాగన్ బీటిల్ లాంటి తేలికపాటి కారు ముక్కుకి ఇనప దండెం తగిలించి, దాని నాలుగు చక్రాల మీదే దాన్ని నడిపించుకుపోయారు. ఓడ వెనక కట్టే చిన్న పడవ పేరు మీద దీన్ని డింగీ అన్నారు. ఇంకొందరు టోడ్ అంటారు. ఇంగ్లీషులో లాగబడినది అన్న మాటా, కప్ప అన్న మాటా ఒక్కలాగే పలుకుతాయి.

మేమూ ఒక కప్పని కొన్నాం. మా బస్సు బరువు సామానుతో సహా 14,000 పౌండ్లు, కారు 2,800. టో బారు బిగించినతను, “ఇంత చిన్న కారుకి వేరే బ్రేకెందుకు సార్, ఉన్నట్టే తెలీదు,” అన్నాడు. నిజంగానే, టెక్సస్ మైదానాల్లో అమరిల్లో దాటేదాకా ఉన్నట్టే తెలియలేదు. దాంతో నాకు ధీమా వచ్చింది.

రాటన్ కనుమ

రాటన్ కనుమ శిఖరం ఎత్తు 7,834 అడుగులు. అవతల ట్రినిడాడ్ అనే ఊరు దాదాపు ఆరు వేల అడుగుల దగ్గర ఉంది. అంటే పదిహేను మైళ్ళలోపే 1,800 అడుగుల దిగుడు. ఎక్కేటప్పుడు ఇంజను రొప్పుతుంటే నా దృష్టంతా ఇంజను మీదే. పైకి చేరగానే హమ్మయ్య అనుకున్నాను. అనుకోవలసింది అప్పుడు కాదు.

దిగుడులో గేరు ముందే తగ్గించి, ఇంజను చేత బండిని పట్టించాలని తెలుసు. తెలిసినా ఆలస్యం చేశాను. వేగం పెరిగాక బ్రేకు మీద కాలేశాను. తీశాను. మళ్ళీ వేశాను. నాలుగోసారో అయిదోసారో పెడలు కాస్త లోతుగా దిగినట్టనిపించింది. ఆ తరవాత వాసన. మా ఆవిడ, “ఏమండీ, ఏదో మాడుతోంది,” అంది. పొయ్యి మీద ఏమన్నా మర్చిపోయామా అని లేవబోయింది కూడా. గేరు కిందికి లాగాను, ఇంజను అరిచింది, ఎలాగో వేగం పట్టులోకి వచ్చింది. రోడ్డు పక్కన చోటు దొరకగానే ఆపి దిగితే, ముందు చక్రాల దగ్గర సన్నగా పొగ.

లెక్క చాలా చిన్నది. ఆపే శక్తి అంతే ఉండి బరువు ఐదో వంతు పెరిగితే, ఆగడానికి పట్టే దూరమూ ఐదో వంతు పెరుగుతుంది. చదునైన రోడ్డు మీద సంగతి అది. దిగుడులో ఆ అదనపు బరువు తెచ్చిన వేడినంతా కూడా ముందు బండి బ్రేకులే మింగాలి. మోటర్‌హోమ్ చట్రాలు చేసేవాళ్ళు తమ పుస్తకాల్లో ఒక వాక్యం రాస్తారు: బండి బ్రేకులని లెక్కగట్టింది బండి సొంత బరువు పరిమితికే గానీ, వెనక తగిలించినదాన్ని కూడా కలిపిన బరువుకి కాదు అని. ఇంజను ఎంత లాగగలదన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈ వాక్యం లోపలెక్కడో ఉంటుంది. నేను ఆ పుస్తకం తెరిచింది ట్రినిడాడ్‌లో, బ్రేకులు చల్లారాక.

మా ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అడిగింది: “సరే, మనం ఎలాగో ఆగాం. ఆ దండెం ఊడిపోతే ఈ కారు ఎక్కడికెళ్తుందండీ? మన వెనకాల వచ్చేవాళ్ళ సంగతేమిటి?”

నా దగ్గర జవాబు లేదు. అంతసేపూ నేను నా గురించే భయపడ్డాను. మనుషుల్లేని కారొకటి కొండ మీద మా చెయ్యి వదిలించుకుంటే ఏమవుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇదే కొండ, పాత బళ్ళు

బ్రేకులు బాగుచేయించుకోడానికి ట్రినిడాడ్‌లో మూడు రోజులున్నాం. ఊరి మీదుగా షికాగో, లాస్ ఏంజలెస్ల మధ్య తిరిగే ఆమ్‌ట్రాక్ రైలు పోతుంది. అదీ ఇదే కనుమ ఎక్కి దిగుతుంది. ఈ దారి రైలుకన్నా పాతది. శాంటా ఫే బాట మీద సరుకు బళ్ళు ఈ కొండ దాటేవి. అప్పటి బళ్ళవాళ్ళు నిట్రమైన దిగుళ్ళలో వెనక చక్రాలు తిరక్కుండా గొలుసులతో కట్టేసి, బండిని ఈడ్చుకుంటూ దింపేవాళ్ళు. 1878-79లో శాంటా ఫే రైలు మార్గం కనుమ దాటింది. కొండ మీద ఆ రైలు దారి వాలు కొన్నిచోట్ల నూటికి మూడున్నర. రైలుకి అది చాలా ఎక్కువ.

మా ఆవిడ ప్రశ్నని రైల్వేలు అప్పటికే ఎదుర్కొన్నాయి. ఇంజను లాగుతుంది, సరే. వెనక డబ్బాలని ఎవరు ఆపుతారు? మొదట్లో దానికి జవాబు మనిషే. అమెరికా గూడ్సు రైళ్ళలో బ్రేక్‌మన్‌లు ఉండేవాళ్ళు. ఇంజను డ్రైవరు కూత వెయ్యగానే వాళ్ళు డబ్బాల కప్పుల మీద పరిగెత్తుతూ, ఒక డబ్బా మీంచి ఇంకో డబ్బా మీదికి దూకుతూ, ఒక్కొక్క డబ్బా చేతిబ్రేకు చక్రాన్ని తిప్పి బిగించాలి. రాత్రయినా, మంచు పడుతున్నా అంతే. డబ్బాలని కలపడానికి గొలుసు కొక్కెం, మేకు ఉండేవి. కదిలే రెండు డబ్బాల మధ్య నిలబడి మేకు దించాలి. పాత బ్రేక్‌మన్‌ని చేతివేళ్ళు లెక్కపెట్టి గుర్తుపట్టవచ్చని అనుకునేవాళ్ళట. 1873లో ఎలై జేనీ పేటెంటు తీసుకున్న కప్లరు రెండు చేతులు కలిసినట్టు తనంతట తానే బిగుసుకుంటుంది. అది వచ్చాక మనిషి మధ్యలో నిలబడే అవసరం తప్పింది.

బ్రేకు కథ ఇంకా ముఖ్యమైనది. 1869లో, ఇరవై రెండేళ్ళ జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. ఇంజనులోంచి గొట్టం ద్వారా గాలిని నెడితే అన్ని డబ్బాల బ్రేకులూ ఒక్కసారి పడతాయి. డ్రైవరు ఒక్కడే రైలంతా ఆపగలడు. కానీ రైలు మధ్యలో తెగితే? గొట్టమూ తెగుతుంది, గాలి పోతుంది, తెగిన డబ్బాలకి బ్రేకే ఉండదు. సరిగ్గా ఎప్పుడు కావాలో అప్పుడే ఉండదు. వెస్టింగ్‌హౌస్ మూడేళ్ళలోనే దాన్ని తలకిందులు చేశాడు. 1872 నాటి కొత్త పద్ధతిలో గొట్టంలో ఎప్పుడూ గాలి నిండి ఉండాలి. గాలి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. గాలి తగ్గితే, ఎందుకు తగ్గినా సరే, ప్రతి డబ్బా తన కింద దాచుకున్న గాలితో తన బ్రేకు తానే వేసుకుంటుంది. మన రైళ్ళలో గొలుసు లాగితే బండి ఆగేది ఇందుకే. గొలుసు లాగినవాడు డ్రైవరుని బతిమాలడం లేదు. గొట్టానికి చిల్లు పెడుతున్నాడు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర తెలిసింది. బడిపిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్తున్న రైలు ఎగుడు ఎక్కలేక ఆగిపోయింది. కొన్ని డబ్బాలు ముందు తీసుకుపోయి, తిరిగి వచ్చి మిగిలినవి లాగుదామని సిబ్బంది రైలుని విడదీశారు. ఆ రైలుకున్నది మొదటి రకం బ్రేకు లాంటిది. విడదీయగానే వెనక డబ్బాలకి బ్రేకు పోయింది. వెనక ఒక్క చేతిబ్రేకు, చక్రాల కింద రాళ్ళు, అంతే. ముందు భాగం బయల్దేరబోతూ కాస్త వెనక్కి జరిగి తగిలింది. రాళ్ళు నలిగిపోయాయి. డబ్బాలు కొండ కిందికి పరిగెత్తి, వెనక వస్తున్న ఇంకో రైలుని గుద్దుకున్నాయి. దాదాపు ఎనభై మంది చచ్చిపోయారు. వాళ్ళలో పిల్లలూ చాలామంది ఉన్నారు. ఆ ఆగస్టులోనే బ్రిటిష్ పార్లమెంటు, ప్రయాణీకుల రైళ్ళన్నిటికీ తెగినా తమంతట తామే పడే బ్రేకులు ఉండాలని చట్టం చేసింది. అప్పటికి వెస్టింగ్‌హౌస్ పద్ధతి వచ్చి పదిహేడేళ్ళు. అమెరికాలో గాలి బ్రేకులనీ, తమంతట తాము బిగిసే కప్లర్లనీ తప్పనిసరి చేసే చట్టం మీద 1893 మార్చిలో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సంతకం పెట్టాడు.

మనుషుల్ని కప్పుల మీంచి దింపేశారు గానీ, వాళ్ళు చేసే పనిని వదిలెయ్యలేదు. ఆ పనిని ప్రతి డబ్బా కిందా కట్టిపెట్టారు. నేను ట్రినిడాడ్‌లో కూర్చుని చదువుకున్నది ఈ ఒక్క ముక్కే. నా కారులోంచి మాత్రం డ్రైవరుని దింపేసి, అతని పని ఎవరికీ అప్పజెప్పకుండా కొండెక్కాను.

కారు ఒప్పుకోదు

రైలు డబ్బా లాగించుకోడానికే పుట్టింది. కారు అలాంటిది కాదు. లోపల ఒక మనిషి ఉంటాడు, ఇంజను తిరుగుతూ ఉంటుంది అన్న నమ్మకం మీద కట్టిన యంత్రం అది. ఏళ్ళు గడిచినకొద్దీ ఆ నమ్మకం పెరిగింది. వెనక కట్టి లాగడం కష్టమవుతూ వచ్చింది.

పాత మాన్యువల్ గేరు కారుతో ఇబ్బంది తక్కువ. న్యూట్రల్‌లో పెడితే చక్రాలతోపాటు తిరిగే పళ్ళచక్రాలు అడుగునున్న నూనెని చిమ్ముకుని తమకి కందెన తామే పెట్టుకుంటాయి, కనీసం చాలా కార్లలో. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్‌తో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరు వచ్చింది. ఆటోమేటిక్ గేరుకి నూనెని పంపు కొట్టాలి, ఆ పంపుని ఇంజను తిప్పాలి. అయితే తొలి రోజుల ఆటోమేటిక్‌లలో వెనకవైపు ఇంకో పంపు ఉండేది. అది చక్రాలవైపు ఇరుసుతో తిరిగేది. అందువల్ల మన అంబాసిడర్ని తోసి స్టార్టు చేసినట్టు ఆ కార్లనీ తోసి స్టార్టు చెయ్యగలిగేవాళ్ళు. బేటరీలు నమ్మకమైనవి అయ్యాక తోసే అవసరం తగ్గింది. 1960ల చివరికి తయారీదారులు దాదాపు అందరూ ఖర్చు దండగని వెనక పంపు తీసేశారు. దాంతో, ఇంజను ఆపిన ఆటోమేటిక్ కారుని మైళ్ళ తరబడి లాగితే గేర్‌బాక్సు ఎండిపోయి మాడిపోవడం మొదలైంది. కందెన లేని బండి సంగతి మన శతకాల్లోనే ఉంది; మన దగ్గర అది కిర్రుమని అరిచి చెప్పేది, ఇక్కడ చప్పుడు లేకుండా కాలుతుంది.

తరవాత తాళం. కార్ల దొంగతనాలు ఆపడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన నిబంధన 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. తాళంచెవి తీస్తే స్టీరింగు బిగుసుకోవడమో, కారు కదలకపోవడమో జరగాలి. దొంగకి మంచి అడ్డే. కానీ వెనక కట్టిన కారు మలుపు తిరగాలంటే దాని ముందు చక్రాలు వాటంతట అవి తిరగాలి. కాబట్టి తాళంచెవి లోపలే ఉంచి, స్టీరింగు వదిలేలా తిప్పి పెట్టాలి. అలా పెడితే కారులో సగం సామాను మేలుకుని బేటరీ తాగేస్తుంది. రోజంతా లాగి సాయంత్రం విప్పితే కారు స్టార్టవదు. అందుకోసం ఫ్యూజు పీకేవాళ్ళు కొందరు, ముందు బండి నుంచి బేటరీకి తీగ లాగేవాళ్ళు కొందరు.

బ్రేకుదీ అదే కథ. మనం మునివేళ్ళతో తొక్కితే కారు ఆగేది మన బలంతో కాదు. ఇంజను గాలి పీల్చడం వల్ల వచ్చే సాయంతో. ఇంజను ఆపేశాక రెండు మూడుసార్లు తొక్కితే ఆ సాయం అయిపోయి పెడలు రాయిలా అవుతుంది.

గేర్‌బాక్సుల విషయంలో ఒక కాలంలో కొన్ని కార్లు ఈ జనానికి ముద్దుబిడ్డలయ్యాయి. సాటర్న్ కార్లు అలాంటివి. ఆ బ్రాండే 2010లో మూతపడింది. హోండా సీఆర్‌వీని 2014 మోడల్ దాకా, పుస్తకంలో చెప్పిన వరసలో గేర్లు మార్చి, మూడు నిమిషాలు ఇంజను తిప్పి, నిక్షేపంగా లాగేవాళ్ళు. 2015లో సీవీటీ గేరు వచ్చింది, పుస్తకంలో వద్దన్న మాట వచ్చింది. ఎలెక్ట్రిక్ కార్లయితే చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. చాలావాటిని నాలుగు చక్రాలూ నేలకి తగలకుండా బండిమీద ఎక్కించి తీసుకెళ్ళమంటారు. ఈ కాలంలోనూ నిలబడ్డది జీప్ రాంగ్లర్ లాంటి కొన్ని. వాటిలో గేర్‌బాక్సు తరవాత ఇంకో పెట్టె ఉంది; దాన్ని న్యూట్రల్‌లో పెడితే చక్రాలకీ గేర్‌బాక్సుకీ సంబంధం తెగిపోతుంది. ఎన్నో కప్పలకి జీప్ ముఖం ఉండడానికి కారణం షోకు కాదు, ఆ పెట్టె.

మా ఇంట్లో ఈ విషయం ముందు కనిపెట్టింది మా ఆవిడే. మొదట నేను మా పాత ఆటోమేటిక్ కారునే కడదామన్నాను. ఆవిడ కారు పుస్తకం తీసి, లాగడం గురించిన పేజీ పట్టుకుని, “వద్దని రాశారు కదండీ,” అంది. అందువల్లే మాన్యువల్ గేరు కారు వెతికి కొన్నాం. ఇదే ఏడాదిలో ఇదే మోడల్‌కి ఒక రకం గేరుంటే లాగొచ్చు, ఇంకో రకమైతే కూడదు. పక్కవాడి కారు లాగబడుతోంది కదా అని మనది కట్టడం పొరపాటు. ఆ ఒక్క పేజీ చదవాలి.

మా చెక్లిస్టు

ఇప్పుడు బయల్దేరే ముందు మాకు పావుగంట పని. ఇద్దరం కలిసి చేస్తాం, ఒకరు చేసింది రెండోవాళ్ళు చూస్తారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటినుంచి.

టో బారు నేలకి సమాంతరంగా ఉందో లేదో చూస్తాం. బస్సు వైపు కొక్కేనికీ, కారు వైపు బిగింపులకీ ఎత్తులో మూడు నాలుగు అంగుళాలకి మించి తేడా ఉంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు బస్సు కిందికి దూరబోతుంది, లేదా పైకి లేస్తుంది. బారు కింద రెండు ఉక్కు తాళ్ళని కత్తెర గుర్తులా అడ్డంగా వేస్తాం. బారు ఊడినా ముక్కు నేలకి గుచ్చుకోకుండా ఆ తాళ్ళ ఉయ్యాలలో పడాలి. దీపాల తీగ తగిలించాక, నేను బ్రేకు తొక్కితే, సిగ్నలు వేస్తే, కారు వెనక వెలుగుతోందా అని ఆవిడ చూసి చెబుతుంది. గేరు, తాళంచెవి, చేతిబ్రేకు. ఆఖరికి పది అడుగులు ముందుకి పోనిస్తే, కారు నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా లేదా ఆవిడ పక్కన నడుస్తూ చూస్తుంది. చేతిబ్రేకు వెయ్యబడే ఉండిపోయిన కారుని మైళ్ళు ఈడ్చినవాళ్ళు ఉన్నారు. బస్సు ఇంజనుకి ఆ బరువు లెక్క కాదు, ముప్ఫై అడుగుల వెనక టైరు పగిలినా, చక్రం కాలినా ముందున్న చేతికి తెలియదు.

వెనక్కి పోవడం అన్న మాట లేదు. కొట్టులో సామాను బండిని ముందుకి తోస్తే చిన్న చక్రాలు బుద్ధిగా వెనకబడి వస్తాయి. వెనక్కి లాగితే గిర్రున అడ్డం తిరుగుతాయి. కారు ముందు చక్రాలూ అంతే. పట్టుకునే మనిషి స్టీరింగు దగ్గర లేడు. నాలుగడుగులు వెనక్కి పోవాలన్నా విప్పవలసిందే. అందుకని పెట్రోలు బంకులోకి వెళ్ళే ముందే బయటికి వచ్చే దారి చూసుకుంటాను.

ఇక బ్రేకు. డ్రైవరు సీటు ముందు ఒక పెట్టె పెడతాం. దాని వీపు సీటుకి ఆనుతుంది, దాని చెయ్యి బ్రేకు పెడలుని పట్టుకుంటుంది. కారు వేగం తగ్గుతున్న తీరుని అది లోపల పసికట్టి, ఆ మేరకి పెడలు తొక్కుతుంది. బస్సు మెల్లిగా ఆగితే మెల్లిగా, గట్టిగా ఆగితే గట్టిగా. అది పని చేసినప్పుడల్లా నా ముందు ఒక చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. కారణం లేకుండా వెలిగి అలాగే ఉంటే, బ్రేకులు పట్టేసి కాలుతున్నాయని అర్థం. కారు ముక్కు దగ్గర చిన్న డబ్బాలో ఒక మేకు, దానికి సన్నటి ఉక్కు తాడు; తాడు రెండో కొస బస్సుకి కట్టి ఉంటుంది. బారూ తాళ్ళూ అన్నీ తెగి కారు విడిపోతే ఆ తాడు మేకుని పీకుతుంది, పెట్టె బ్రేకు తొక్కిపెడుతుంది. మా ఆవిడ ప్రశ్నకి జవాబు ఆ మేకు. అక్షరాలా గాలి బ్రేకు కాకపోయినా, సూత్రం 1872 నాటిదే: బంధం తెగడమే బ్రేకుకి ఆజ్ఞ కావాలి. పెద్ద డీజిలు మోటర్‌హోమ్‌లకి ఉండేవి నిజంగానే గాలి బ్రేకులు. వాటిలో గాలి పోతే స్ప్రింగులు బ్రేకులని పట్టేస్తాయి.

చట్టం సంగతి అడిగితే రాష్ట్రానికో రకం. చాలా చోట్ల ఎంత బరువు దాటితే బ్రేకు ఉండాలన్నది ట్రెయిలర్లని మనసులో పెట్టుకుని రాశారు. లాగబడే కారు దానికిందికి వస్తుందా అన్నది చదివేవాడి ఓపికని బట్టి ఉంటుంది. నాకు టో బారు బిగించినతను అబద్ధం చెప్పాడని అనను. చిన్న కారు లాగడానికి వేరే బ్రేకు నిజంగానే అక్కర్లేదు. అతన్ని నేను అడగవలసిన ప్రశ్న అది కాదు.

మరుసటి ఏడు మళ్ళీ రాటన్ మీదుగానే వెళ్ళాం. శిఖరం దాటకముందే గేరు తగ్గించాను. ఎడమవైపు ఎక్కడో కింద రైలు పట్టాలు ఒకసారి కనిపించి మాయమయ్యాయి. మొదటి పెద్ద మలుపు దగ్గర బ్రేకు తొక్కాను. వెనకనుంచి ఎప్పుడూ వచ్చే తోపుడు లేదు. ఎర్రదీపం వెలిగి ఆరింది.

మావయ్య కథ ఆవిడకి ట్రినిడాడ్‌లోనే చెప్పాను. దీపం కేసి చూస్తూ, “మీ మావయ్యగారు తొక్కారండీ,” అంది.